ఒక్క సున్నపు తేట: కొలుస్తూ నేర్చుకునే హైస్కూలు రసాయన శాస్త్రం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో సున్నం దొరకని ఊరంటూ ఉండదు. కిళ్ళీ బంకులో చిన్న డబ్బాలో ఉంటుంది. ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల చెరువుల గట్లమీద బస్తాల్లో ఉంటుంది. సంక్రాంతికి వెల్ల వేయడానికి తెచ్చింది ఎవరో ఒకరి పెరట్లో కొంత మిగిలే ఉంటుంది. స్కూల్లో ల్యాబు గదికి తాళం వేసి ఉన్నా, ఉన్న బ్యూరెట్లు మూల పడి ఉన్నా, ఈ ఒక్క పదార్థంతో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ఉన్న రసాయన శాస్త్రంలో చాలా భాగం చేతులతో చేసి చూడొచ్చు.

సున్నాన్నే ఎంచుకోవడానికి చవక అనేది చిన్న కారణం. అసలు కారణం వేరే. సున్నం నీళ్ళలో చాలా కొద్దిగా కరుగుతుంది. ఎంత ఎక్కువ వేసినా, కరగాల్సింది కరిగి మిగతాది అడుగున కూర్చుంటుంది. అంటే పైన తేరిన నీళ్ళ (సున్నపు తేట అనేది వీటినే) గాఢత దానంతట అదే ఒక అంకె దగ్గర ఆగిపోతుంది. 30 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 1.5 గ్రాములు. మిల్లీగ్రాములు తూచే తక్కెడ లేకుండానే గాఢత తెలిసిన ద్రావణం మీ చేతిలో ఉన్నట్టే. సైన్స్ ఫెయిర్లలో వంటసోడా, వెనిగర్ పోసి అగ్నిపర్వతం పొంగించడం నాకు పెద్దగా నచ్చదు. అది పొంగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, అక్కడితో సరి. రంగు మారిందని, నురగ వచ్చిందని రాసుకుంటే సగం పనే అయినట్టు. ఎంత పోస్తే మారింది, ఎందుకు అంతే పట్టింది అని అడిగినప్పుడే రసాయన శాస్త్రం మొదలవుతుంది. ఈ ప్రయోగాలన్నీ ఆ ప్రశ్న కోసమే.

ముందు కళ్ళు

సున్నం మనకు ఎంత అలవాటైన వస్తువైనా, కంట్లో పడితే చూపు పోయేంత ప్రమాదం. కిళ్ళీ సున్నం పొట్లాన్ని పిల్లలు చేత్తో గట్టిగా నొక్కితే చివర పగిలి కంట్లోకి చిమ్మడం మన దేశంలో కంటి డాక్టర్లు తరచూ చూసే గాయం. కాబట్టి కళ్ళకు అద్దాలు తప్పనిసరి. హార్డ్‌వేర్ షాపులో గ్రైండింగ్ పనివాళ్ళు వాడే ప్లాస్టిక్ అద్దాలు అడగండి, చాలు. పొరపాటున కంట్లో పడితే నలపకుండా, రెప్పలు తెరిచి పట్టుకుని ధారగా మంచినీళ్ళు పోస్తూ కనీసం 15–20 నిమిషాలు కడగాలి. ఆ తర్వాత నేరుగా కంటి డాక్టరు దగ్గరికి. మంట తగ్గిందని ఇంట్లో కూర్చోవద్దు.

అల్యూమినియం గిన్నెల్లో సున్నపు నీళ్ళు పెట్టొద్దు. క్షారం ఆ లోహాన్ని తినేసి హైడ్రోజన్ వాయువును వదులుతుంది. గాజు సీసాలు, మందపాటి ప్లాస్టిక్ సీసాలు వాడండి. ప్రతి సీసాకూ పేరు రాసి కాగితం అంటించండి. మంచినీళ్ళ సీసాలో తేట పోసి పేరు రాయకుండా వదిలేస్తే ఎవరైనా తాగే ప్రమాదం ఉంది.

గుల్ల నుంచి సున్నం దాకా: 100, 56, 74

మైపాడు తీరానికో కొత్తపట్నం తీరానికో వెళ్ళినప్పుడు పిడికెడు గుల్లలు ఏరుకు రండి. బాగా కడిగి ఆరబెట్టి ఒకదాన్ని చితక్కొట్టండి. ఆ పొడిమీద నిమ్మరసం నాలుగు చుక్కలు వేస్తే బుసబుస పొంగుతుంది. గుల్ల అంటే దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేట్. ఆమ్లం తగలగానే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది. ఇదే పరీక్ష ఇంట్లో ముగ్గుపిండిమీద చేయండి. కొన్ని పిండ్లు పొంగుతాయి, కొన్ని కదలనే కదలవు. అన్ని ముగ్గుపిండ్లూ ఒకే రాతి పొడి కాదని అక్కడే తేలిపోతుంది. బోర్డుమీద రాసే చాక్‌పీసుతో చేసి ఏమీ పొంగకపోతే కంగారు పడకండి. ఇప్పుడొచ్చే చాక్‌పీసులు చాలావరకు జిప్సంతో చేస్తున్నారు. అది సల్ఫేటు, నిమ్మరసానికి పొంగదు.

గుల్లల్ని బట్టీలో కాల్చి సున్నం చేయడం మన తీరంలో పాత పని. పులికాట్ గుల్లలకు అందులో మంచి పేరు. సుమారు 900 డిగ్రీల వేడికి గుల్లలోని కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) మిగులుతుంది.

కాల్షియం కార్బొనేట్ → పొడిసున్నం + కార్బన్ డయాక్సైడ్
100 గ్రాములు → 56 గ్రాములు + 44 గ్రాములు

బట్టీలో వేసిన గుల్ల పోగు కాలాక బరువు దాదాపు సగానికి ఎందుకు పడిపోతుందో ఈ లెక్క చెబుతుంది. 1750లలో స్కాట్లాండ్‌కు చెందిన జోసెఫ్ బ్లాక్ చేసింది ఇదే. కాల్చకముందు తూచాడు, కాల్చాక తూచాడు, తగ్గిన బరువు ఒక వాయువుదని వాదించాడు. మనం వదిలే ఊపిరిలోనూ అదే వాయువు ఉందని సున్నపు తేటతోనే చూపించాడు. ఇంట్లో 900 డిగ్రీలు సాధ్యం కాదు కాబట్టి కాల్చే ప్రయత్నం వద్దు. లెక్క అర్థమైతే చాలు.

పొడిసున్నాన్ని నీళ్ళతో కలపడం పదో తరగతి పుస్తకంలో ఉంది. టీచరు పక్కన ఉన్నప్పుడే చేయాలి, ఇంట్లో ఒంటరిగా వద్దు.

పొడిసున్నం + నీళ్ళు → తడిసున్నం (కాల్షియం హైడ్రాక్సైడ్) + వేడి
56 గ్రాములు + 18 గ్రాములు → 74 గ్రాములు, సుమారు 65 కిలోజౌళ్ళు

స్టీలు గ్లాసులో 100 మి.లీ. నీళ్ళు పోసి థర్మామీటరు పెట్టండి. ఉష్ణోగ్రత రాసుకోండి. 10 గ్రాముల పొడిసున్నాన్ని కొద్దికొద్దిగా చెంచాతో నీళ్ళలోకి వేస్తూ కలపండి. సున్నం ముద్దమీద నీళ్ళు పోయకూడదు. అట్లా పోస్తే ఆ చోట నీళ్ళు మరిగి సున్నం మొహాన చిమ్ముతుంది. పై లెక్క ప్రకారం 10 గ్రాములకు పదకొండున్నర కిలోజౌళ్ళ పైచిలుకు రావాలి. అది 100 మి.లీ. నీళ్ళ ఉష్ణోగ్రతను ఉన్నదానికంటే 25 డిగ్రీల దాకా పెంచగలదు. మీకు ఎనిమిదో పదో డిగ్రీలే పెరిగితే కొలత తప్పని అనుకోవద్దు. బస్తా విప్పి చాలాకాలమైన సున్నం గాలిలోని తేమను, కార్బన్ డయాక్సైడును పీల్చుకుని అప్పటికే చచ్చిపోయి ఉంటుంది. రెండు దుకాణాల సున్నం తెచ్చి ఏది తాజాదో థర్మామీటరుతో తేల్చేయొచ్చు.

తేట తయారీ

మిగతా ప్రయోగాలన్నిటికీ ఇదే పునాది, కాబట్టి దీనికి తొందర పనికిరాదు.

నీళ్ళు ముందు. బోరు నీళ్ళు, మున్సిపాలిటీ కుళాయి నీళ్ళు వద్దు. బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అడిగి తెచ్చుకోండి. అదే షాపులో ఆమ్లం సీసాలు కూడా ఉంటాయి, లేబుల్ చదివి తీసుకోండి. శుభ్రంగా పట్టిన వాన నీళ్ళైనా సరే. డాబామీద తొలి వాన కొట్టుకుపోయాక పట్టినవైతే మంచిది.

సున్నానికి కిళ్ళీ బంకు తెల్ల సున్నం బాగుంటుంది. రంగు, వాసన కలిపినవి వద్దు. గుల్ల సున్నం పొడి (కాల్చిన పొడిసున్నం కాదు, నీళ్ళు తగిలి తడిసున్నంగా మారినది) దొరికితే ఇంకా మంచిది. లీటరు సీసాలో రెండు చెంచాల సున్నం వేసి, మూడొంతులు నీళ్ళు పోసి, మూత బిగించి బాగా గిలకొట్టండి. గంటసేపు పెట్టి, పైన తేరిన ఆ మొదటి నీళ్ళను పారబోయండి. సముద్రపు గుల్లల నుంచి వచ్చిన సున్నంలో కొంత ఉప్పు, ఇతర కరిగే లవణాలు ఉంటాయి, అవి ఈ మొదటి నీళ్ళతో పోతాయి. ఇప్పుడు మళ్ళీ సీసా అంచుదాకా కొత్త నీళ్ళు పోసి, మూత పెట్టి, అప్పుడప్పుడు గిలకొడుతూ ఒక పూట గడపండి. రాత్రంతా కదపకుండా ఉంచండి.

తెల్లారేసరికి అడుగున మడ్డి, పైన గాజులాంటి నీళ్ళు. ఆ పై నీళ్ళే సున్నపు తేట. దాన్ని వంచి తీయడం కంటే సన్నని ప్లాస్టిక్ గొట్టంతో, లేదా సూది లేని పెద్ద సిరంజితో మెల్లగా పైకి లాగడం నయం, మడ్డి కదలదు. నోటితో పీల్చి గొట్టం ఎక్కించే అలవాటు ఉంటే ఇక్కడ మానేయండి. వడపోత కాగితంలో వడకడితే పని త్వరగా అవుతుంది కానీ, చుక్కచుక్కగా గాలి తగులుతూ దిగేసరికి తేట బలం తగ్గుతుంది. నాకైతే తేర్చడమే ఇష్టం.

తీసిన తేటను చిన్న సీసాలో అంచుదాకా నింపి మూత పెట్టండి. పెద్ద సీసాలో అడుగున సున్నం ఉన్నంతకాలం నీళ్ళు పోసి మళ్ళీ తేట చేసుకోవచ్చు. గ్లాసులో తెరిచి పెట్టిన తేటమీద కాసేపటికి మీగడలా పలచని పొర కడుతుంది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతమే, అయినా అంతపని చేస్తుంది. వెల్ల వేసిన గోడ గట్టిపడేదీ ఇట్లాగే. బట్టీలో ఎగిరిపోయిన వాయువును సున్నం గాలిలోంచి తిరిగి తెచ్చుకుని మళ్ళీ గుల్ల పదార్థంగా మారుతుంది.

లెక్క ఇక్కడే చూసుకుందాం. తడిసున్నం ఒక మోల్ అంటే 74 గ్రాములు. లీటరులో 1.5 గ్రాములంటే 1.5 ÷ 74, అంటే సుమారు 0.02 మోల్. ఒక్కో తడిసున్నం అణువులో రెండు హైడ్రాక్సైడులు ఉంటాయి కాబట్టి హైడ్రాక్సైడ్ 0.04 మోల్. ఈ రెండు అంకెలూ పుస్తకం అట్టమీద రాసి పెట్టుకోండి: కాల్షియం 0.02, హైడ్రాక్సైడ్ 0.04. కింద వచ్చే లెక్కలన్నిటికీ ఇవే ఆధారం.

ఒక చిన్న వింత కూడా చూడండి. పరీక్షనాళికలో తేట పోసి, మూత పెట్టి, వేడినీళ్ళ గ్లాసులో నిలబెట్టండి. మసకబారుతుంది. చల్లారనిస్తే చాలావరకు తేటబడుతుంది. చక్కెర, పటిక లాంటివి వేడికి ఎక్కువ కరుగుతాయి, సున్నం తక్కువ కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం చేసిన తేట జనవరి తేట కంటే కాస్త పలచనగా ఉండడానికి ఇదే కారణం.

ఊపిరితో పాలు, మళ్ళీ తేట

గ్లాసులో కొద్దిగా తేట పోసి స్ట్రాతో ఊదండి, పాలలా తెల్లబడుతుంది. ఇది అందరూ చేసేదే. చిన్న పిల్లలు పీల్చే ప్రమాదం ఉంది కాబట్టి స్ట్రాకు మధ్యలో సూదితో చిల్లు పెట్టి ఇవ్వండి. ఊదితే గాలి కొంత వృథా అవుతుంది కానీ, పీల్చినా తేట పైకి రాదు.

పుస్తకంలో తర్వాతి వాక్యం ఇట్లా ఉంటుంది: కార్బన్ డయాక్సైడును ఇంకా పంపితే తెల్లదనం పోయి ద్రావణం తేటబడుతుంది. పిల్లలు బుగ్గలు నొప్పిపుట్టేదాకా ఊదుతారు, తేటబడదు. అయినా రికార్డు పుస్తకంలో ‘తేటబడినది’ అని రాసేస్తారు. ఎందుకు తేటబడలేదో లెక్కతోనే తెలుస్తుంది.

లీటరు తేటలో 0.02 మోల్ కాల్షియం ఉంది. అదంతా కార్బొనేటుగా మారితే 0.02 × 100, అంటే 2 గ్రాముల తెల్లపొడి. అది మళ్ళీ కరగాలంటే బైకార్బొనేటుగా మారాలి. నీళ్ళు అట్లా ఎంత మోయగలవన్నది పైనున్న వాయువులో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో దాన్నిబట్టి ఉంటుంది. మన ఊపిరిలో అది 4 శాతం దాకా. ఆ పరిస్థితిలో లీటరు నీళ్ళలో కరిగేది గ్రాములో మూడో వంతు కూడా ఉండదు. 2 గ్రాములు ఎట్లా కరుగుతాయి? స్వచ్ఛమైన కార్బన్ డయాక్సైడ్ పంపినా లీటరుకు గ్రాము లోపే.

కాబట్టి చేయాల్సింది ఇది. ఊపిరితో చేయాలంటే ఒక వంతు తేటకు తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్ కలపండి. ముందు పలచని మసక వస్తుంది, ఓపిగ్గా ఊదితే పోతుంది. మెరుగ్గా కనబడాలంటే వాయువును తయారు చేసుకోండి. ప్లాస్టిక్ సీసా మూతకు చిల్లు పెట్టి కొత్త సెలైన్ గొట్టం దూర్చి ఎంసీల్‌తో మూయండి. సీసాలో చెంచాడు వంటసోడా, పైన నిమ్మరసం వేసి మూత పెట్టండి. గొట్టం రెండో చివర ఎప్పుడూ తెరిచే ఉండాలి, మూసుకుపోతే సీసా పగులుతుంది. వాయువును ముందు మంచినీళ్ళున్న మరో సీసా గుండా పంపి, అక్కడి నుంచి రెండో గొట్టంతో తేటలోకి పంపండి. మధ్య సీసా ఎందుకంటే, పొంగిన నిమ్మరసం తుంపర నేరుగా తేటలో పడితే ఆ ఆమ్లమే తెల్లదనాన్ని కరిగించేస్తుంది. మీరేమో అది కార్బన్ డయాక్సైడ్ మహిమ అనుకుంటారు. ఈ పద్ధతికి తేటను నాలుగు రెట్లు పలచన చేస్తే సరిపోతుంది.

తేటబడ్డ ద్రావణాన్ని పారబోయకండి. పరీక్షనాళికలో పోసి పట్టకారుతో పట్టుకుని, మూతిని ఎవరివైపూ పెట్టకుండా, సన్నని మంటమీద మరిగించండి. బుడగలు వచ్చి మళ్ళీ తెల్లబడుతుంది. బైకార్బొనేటు విడిపోయి వాయువు పోయింది, కార్బొనేటు మిగిలింది. గీజరు రాడ్డుమీద, నీళ్ళు కాచే గిన్నెలో పేరుకునే తెల్లటి పెచ్చు ఇదే. నీళ్ళలో ఇట్లా మరిగిస్తే పోయే బైకార్బొనేటునే పుస్తకం తాత్కాలిక కాఠిన్యం అంటుంది.

ఎర్రనీళ్ళు

దిష్టి తీయడానికి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్ళు చేస్తారు కదా. మన అమ్మమ్మలు వాడిన ఆమ్ల క్షార సూచిక అది. పసుపులోని కుర్కుమిన్ పీహెచ్ 7.5 దాటేదాకా పసుపుగా ఉండి, 8.5 వచ్చేసరికి ఎర్రబడుతుంది. సున్నపు తేట పీహెచ్ 12 పైనే. అందుకే చుక్క పడగానే ఎరుపు.

ప్రయోగానికి నీళ్ళలో కలిపిన పసుపు పనికిరాదు, రేణువులు తేలుతూ రంగు చూడనివ్వవు. అర చెంచా పసుపును 20 మి.లీ. సర్జికల్ స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలుంచి వడకట్టండి. దగ్గర్లో మంట ఉండకూడదు. మందారం, శంఖుపూల రసాలు కూడా రంగులు మారుస్తాయి, చూడ్డానికి పసుపు కంటే అందంగానే ఉంటాయి. కానీ వాటి రంగు మెల్లమెల్లగా జారుతుంది, ఏ చుక్క దగ్గర మారిందో చెప్పలేం. కొలతకు పసుపే సరి.

పొదలకూరు నిమ్మకాయలో ఆమ్లం ఎంత

పొదలకూరు మార్కెట్‌కొచ్చే నిమ్మకాయను కొనేవాళ్ళు సైజు, రంగు చూసి ధర కడతారు. పులుపును మనం కొలుద్దాం. కావలసినవి తేట, పసుపు సూచిక, సూది లేని 10 మి.లీ. సిరంజిలు రెండు, గాజు గ్లాసు.

1. నిమ్మరసం పిండి గుడ్డలో వడకట్టండి. 10 మి.లీ. రసానికి డిస్టిల్డ్ వాటర్ కలిపి మొత్తం 100 మి.లీ. చేయండి.
2. ఒక సిరంజితో ఆ పలచని రసం 10 మి.లీ. గ్లాసులోకి తీసుకోండి. ఇందులో అసలు రసం 1 మి.లీ. ఉన్నట్టు. గ్లాసు కింద తెల్లకాగితం పెట్టండి.
3. పసుపు సూచిక ఐదారు చుక్కలు వేయండి.
4. రెండో సిరంజితో తేటను ఒక్కో మి.లీ. చొప్పున పోస్తూ గ్లాసును తిప్పండి. పడినచోట ఎరుపు మెరిసి మాయమవుతుంది. ఆ మెరుపు ఆలస్యంగా పోతోందంటే దగ్గరపడ్డట్టు. అక్కడి నుంచి చుక్కచుక్కగా పోయండి.
5. అర నిమిషం పాటు రంగు పోకుండా నిలిస్తే ఆపి, మొత్తం ఎన్ని మి.లీ. పట్టిందో రాసుకోండి. రెండు కొలతలు దగ్గరగా వచ్చేదాకా మళ్ళీ చేయండి.

మధ్యలో కొద్దిగా మసక కనిపిస్తే అది కాల్షియం సిట్రేట్, లెక్కకు అడ్డం కాదు.

18 మి.లీ. తేట పట్టిందనుకుందాం. లీటరుకు 0.04 మోల్ అంటే మి.లీ.కు 0.04 మిల్లీమోల్. 18 × 0.04 = 0.72 మిల్లీమోల్ హైడ్రాక్సైడ్. సిట్రిక్ ఆమ్లం ఒక్కో అణువు మూడు హైడ్రోజన్లను ఇస్తుంది కాబట్టి మూడుతో భాగిస్తే 0.24. దాని అణుభారం 192. 0.24 × 192 = 46 మిల్లీగ్రాములు. 1 మి.లీ. రసంలో 46 మిల్లీగ్రాములు, అంటే సుమారు 4.6 శాతం. నిమ్మరసంలో సాధారణంగా 5 శాతం అటూఇటూ ఉంటుంది, కాబట్టి నమ్మదగ్గ అంకె. పచ్చికాయ, పండుకాయ, వారం నిలవున్న కాయ తెచ్చి పోల్చి చూడండి. సైన్స్ ఫెయిర్‌కు ఆ పట్టిక ఒక్కటి చాలు.

ఆమ్లానికి సరిగ్గా సరిపడా సున్నం కలిసిన చోట పీహెచ్ 7 ఎందుకు ఉండదని తెలివైన పిల్లలు అడుగుతారు. సిట్రిక్ ఆమ్లం బలహీనమైనది, సున్నం బలమైన క్షారం. వాటి లవణం ద్రావణాన్ని కాస్త క్షారం వైపుకు లాగుతుంది. అందుకే 7 దాటాక మారే పసుపు ఇక్కడ సరిగ్గా అతుకుతుంది.

బోరు నీళ్ళ కాఠిన్యం

కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళతో సబ్బు నురగరాదని ఆడవాళ్ళు చెప్పే మాటను అంకెల్లో పెడదాం. నీళ్ళలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బును నురగనివ్వవు, కాఠిన్యం అంటే అదే. రొయ్యల చెరువుల వాళ్ళు ఆక్వా ల్యాబుకు నీళ్ళు పంపి తెప్పించుకునే రిపోర్టులో ‘హార్డ్‌నెస్’ అని ఉండేది కూడా ఇదే.

సబ్బు ఎంపిక ముఖ్యం. బట్టల డిటర్జెంట్ బార్లు, పొడులు వద్దు, అవి కఠిన జలంలోనూ నురగిస్తాయి. పెట్టెమీద టాయిలెట్ సోప్ అనీ, టీఎఫ్‌ఎం (సబ్బులోని మొత్తం కొవ్వు పదార్థం శాతం) 70 పైననీ రాసి ఉన్న ఒంటి సబ్బు తీసుకోండి. ఒక గ్రాము తురిమి 100 మి.లీ. వేడి డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించండి. చల్లారాక జిగటగా గడ్డకడితే సీసాను గోరువెచ్చని నీళ్ళలో నిలబెట్టి వాడండి.

ఇప్పుడు కాఠిన్యం తెలిసిన నీళ్ళు కావాలి. సున్నపు తేట 10 మి.లీ.కు డిస్టిల్డ్ వాటర్ 90 మి.లీ. కలపండి. లీటరుకు 0.002 మోల్ కాల్షియం. దాన్ని కాల్షియం కార్బొనేటు లెక్కలో చెప్పుకుంటే 0.002 × 100 = 0.2 గ్రాములు, అంటే లీటరుకు 200 మి.గ్రా. కొనకుండా, తూచకుండా ప్రామాణిక ద్రావణం తయారైంది. కలిపిన వెంటనే వాడండి.

మూతలున్న చిన్న సీసాలు మూడు తీసుకోండి. మొదటిదాంట్లో 20 మి.లీ. డిస్టిల్డ్ వాటర్, రెండోదాంట్లో 20 మి.లీ. ఈ ప్రామాణిక నీళ్ళు, మూడోదాంట్లో 10 మి.లీ. బోరు నీళ్ళు, 10 మి.లీ. డిస్టిల్డ్ వాటర్. బోరు నీళ్ళను సగం చేయడం ఎందుకంటే, కాఠిన్యం మరీ ఎక్కువైతే సబ్బు తెట్టు పైన తేలి నురగను చూడనివ్వదు. సిరంజితో 0.2 మి.లీ. చొప్పున సబ్బునీళ్ళు వేస్తూ, ప్రతిసారీ మూత పెట్టి గట్టిగా గిలకొట్టండి. పక్కన పెట్టాక నురగ ఒక నిమిషం నిలిస్తే ఆపండి. మెగ్నీషియం ఉన్న నీళ్ళు కాస్త ఆలస్యంగా స్పందిస్తాయి. నురగ వచ్చిందనిపించి మళ్ళీ చచ్చిపోవచ్చు, ఇంకోసారి గిలకొట్టి చూసుకోండి.

లెక్కకు ఉదాహరణ. డిస్టిల్డ్ వాటర్‌కు 0.4 మి.లీ., ప్రామాణికానికి 3.6, బోరు నీళ్ళకు 4.4 పట్టాయనుకోండి. నురగ కోసం ఎట్లాగూ పట్టే 0.4ను రెండిట్లోనూ తీసేయాలి. 3.2 మి.లీ. సబ్బు 200కు సమానమైతే, 4.0 మి.లీ. 250కి సమానం. సగం చేశాం కాబట్టి అసలు బోరు నీళ్ళు 500. తాగునీటికి భారత ప్రమాణం 200 దాకా మంచిదంటుంది, వేరే నీటి వసతి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మీ అంకెలో పది శాతం అటూఇటూ తేడా ఉండొచ్చు. ల్యాబు రిపోర్టుకు ఇది బదులు కాదు కానీ, ఊళ్ళో ఏ బోరు ఎట్లాంటిదో వరస పెట్టడానికి బాగా పనికొస్తుంది.

అవే నీళ్ళను పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, తేర్చి, ఆవిరైన మేరకు డిస్టిల్డ్ వాటర్ పోసి మళ్ళీ కొలవండి. తగ్గినంత తాత్కాలిక కాఠిన్యం, మిగిలినంత శాశ్వత కాఠిన్యం.

సున్నంతోనే కాఠిన్యం తగ్గించడం

బోరు నీళ్ళలో కొంత తేట వేస్తే ఊదకుండానే తెల్లబడుతుంది. నీళ్ళలో ఉన్న బైకార్బొనేటు, మనం వేసిన సున్నం రెండూ కలిసి కార్బొనేటుగా అడుగుకు దిగుతాయి. కాల్షియంతో వచ్చిన కాఠిన్యాన్ని కాల్షియం వేసే తగ్గిస్తున్నాం. 1841లో థామస్ క్లార్క్ ఈ పద్ధతికి ఇంగ్లండ్‌లో పేటెంటు తీసుకున్నాడు.

ఐదు సీసాల్లో 100 మి.లీ. చొప్పున బోరు నీళ్ళు పోయండి. వాటిలో వరసగా 5, 10, 15, 20, 25 మి.లీ. తేట కలిపి, మూత పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దున పైన తేరిన నీళ్ళు తీసి ఒక్కోదాని కాఠిన్యం సబ్బుతో కొలవండి. తేట కలిపినందువల్ల నీళ్ళు పెరిగాయి కాబట్టి, 15 మి.లీ. వేసిన సీసా అంకెను 1.15తో హెచ్చించాలి, మిగతావీ అట్లాగే. గ్రాఫు కాగితంమీద గుర్తులు పెడితే కాఠిన్యం కొంతదూరం దిగి, ఒక చోట అడుగు తాకి, మళ్ళీ పైకి ఎక్కుతుంది. బైకార్బొనేటు అయిపోయాక వేసిన సున్నం తనే కాఠిన్యంగా మిగిలిపోతుంది మరి. తాత్కాలిక కాఠిన్యం లీటరుకు 300 మి.గ్రా. ఉంటే 100 మి.లీ.కు లెక్క ప్రకారం 15 మి.లీ. తేట కావాలి. మెగ్నీషియం ఉంటే అంతకంటే ఎక్కువ పడుతుంది. మీ గ్రాఫు అడుగు ఎక్కడ తాకిందో, మరిగించి కనుక్కున్న అంకెతో పోల్చండి. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన అంకెలు దగ్గరగా నిలిస్తే, జడ్జి ఎంత గుచ్చి అడిగినా మీకు భయం ఉండదు.

ఒక హెచ్చరిక. ప్రకాశం పడమటి మండలాల్లో అసలు బాధ ఫ్లోరైడు, అది కాఠిన్యం కంటే వేరు. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్ళు ఇంకే కొద్దీ చిక్కబడుతుంది. సున్నం ఒక్కటే వేసినా తాగడానికి తగినంత తగ్గదు. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో సున్నంతో పాటు పటిక వాడతారు, మోతాదు ప్రతి నీటికీ పరీక్ష చేసి నిర్ణయిస్తారు. ఈ ప్రయోగంలో తేర్చిన నీళ్ళు ఎంత శుభ్రంగా కనిపించినా తాగొద్దు, పశువులకూ పెట్టొద్దు.

మిగిలిన తేటను వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో పిల్లలకు అందనిచోట రెండు మూడు రోజులు గాలికి వదిలేయండి. పైన కట్టే పెళుసు పొరను రోజూ పుల్లతో విరుస్తూ ఉంటే లోపలిది కూడా కార్బొనేటుగా మారుతుంది. పసుపు సూచిక చుక్క వేస్తే ఎర్రబడడం మానేసిన రోజున కాలవలో పోసేయొచ్చు. అడుగున మిగిలిన మడ్డిని కొబ్బరిచెట్టు మొదలుకు వెల్లగా పూయండి.